పేరు పిలిచిన చోట పెన్సిలు గీత

నేను ఒక పాత ఈ.ఈ.జి. యంత్రాన్ని. మనిషి తలకు లోహపు బిళ్లలు అంటిస్తే, మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తును ఎనిమిది సిరా ముళ్లతో కాగితం మీద అలలుగా గీస్తాను. నన్ను చేసినవాళ్లు అంతకుమించి నేర్పలేదు. మనుషులు నన్ను ఇంకా పెద్ద ప్రశ్నలు అడుగుతారని ఈ జిల్లా ఆసుపత్రికి వచ్చాకే తెలిసింది.

ఇరవై రెండేళ్లు నన్ను నడిపింది టెక్నీషియన్ మాధవయ్య. నా మీది దుమ్మును సొంత తువ్వాలుతో తుడిచేవాడు.

ఒక రోజు బంగారమ్మను తెచ్చారు. జనపనార మిల్లులో పనిచేసే మనిషి. మెదడువాపు జ్వరమొచ్చి నలభై రోజులుగా కళ్లు తెరవలేదు. పరీక్షలో కదలిక కనబడితే ఆసుపత్రిలో ఉంచుతారు, లేకపోతే ఇంటికి పంపేస్తారు. భర్త సింహాద్రి ఆమె చెయ్యి వదలడం లేదు.

ఆమె జడ చూసి మాధవయ్య గతుక్కుమన్నాడు. "ఏంటయ్యా, తలంతా నూనె?"

"డాక్టరుగారి ముందుకి చింపిరి జుట్టుతో ఎలా తెత్తాను బాబూ? లేచాక నన్నే తిడతాది. పొద్దున్నే కొబ్బరినూనె రాసి జడేశాను."

నూనె వద్దని ముందురోజే చెప్పాల్సింది మాధవయ్య. మరిచిపోయాడు. స్పిరిటు దూదితో ఎంత తుడిచినా బిళ్లలు జారిపోతూనే ఉన్నాయి.

"సార్, తల కడిగించి రేపు తీద్దాం."

డాక్టరు వరండాలోకి చూశాడు. "ఆ మంచం కోసం ఇద్దరు కాసుకొని ఉన్నారు. ఉన్నదాంతోనే కానివ్వు."

"బంగారీ, నేనే. వినపడతందా?" అని పిలిచాడు సింహాద్రి. పిలిచిన చోట మాధవయ్య కాగితం మీద పెన్సిలుతో చిన్న గీత పెట్టాడు. నా ముళ్లు అంతకుముందు ఎలా వణికాయో అలాగే వణికాయి. ఆమె తలలో ఏం లేచిందో ఏమో, ఆ నూనె దాటి నా దాకా రాలేదు.

"లోపల మనిషి లేదయ్యా. తీసుకెళ్లు," అన్నాడు డాక్టరు.

"నిన్న నా వేలు నొక్కింది బాబూ."

"అది నరం. మనిషి కాదు."

ఎంత తేలిగ్గా తేల్చేశాడు! వేల తలల అలలు గీశాను నేను. నవ్వుతున్నవాళ్లవీ, ఏడుస్తున్నవాళ్లవీ. నవ్వు ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. లోపల ఎవరైనా ఉన్నారా అన్నది గీయడానికి నాకు తొమ్మిదో ముల్లు లేదు.

నెల తిరక్కముందే సింహాద్రి గుండుతో వచ్చాడు. బంగారమ్మ పోయి పన్నెండు రోజులైందట. ఆ కాగితం చూపించమన్నాడు. పెన్సిలు గీత మీద వేలు పెట్టి అడిగాడు.

"ఆరోజు నేను రాసిన నూనె వల్ల ఏమన్నా తేడా వచ్చిందా బాబూ?"

"లేదు," అన్నాడు మాధవయ్య. "నూనె వల్ల ఏమీ కాలేదు."

ఆ మాట సింహాద్రి కోసం అన్నాడో, తన కోసం అన్నాడో, అప్పుడు మాధవయ్య తలకే బిళ్లలు అంటించినా నేను చెప్పలేను.

ఇప్పుడు నేను తుక్కు గదిలో ఉన్నాను. ఒక బిళ్ల అంచున ఇంకా ఆ నూనె జిడ్డు ఉంది, దుమ్ము పట్టి. ఆరోజు నుంచి రిటైరయ్యే దాకా మాధవయ్య, పరీక్షకు ముందురోజు తనే వార్డుకు వెళ్లేవాడు.

"తలకు నూనె రాయకండమ్మా," అని చెప్పేవాడు. గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి, ఇంకోసారి చెప్పేవాడు.