తోయే వేసుకొచ్చిన కోటు

"శవం ముఖం మీద గుడ్డ కప్పుతారా?" అని తోయే అడిగాడట. జలిస్సా ఆ మాట చెప్పగానే నాలో పాత ముల్లు కదిలింది.

జలిస్సా ఒకప్పుడు నా విద్యార్థిని, ఇప్పుడు సినిమాలు తీస్తోంది. నేను కళాశాలలో ఏటా పాఠం చెప్పిన ఒక పాత ఐరోపా నాటకాన్ని మా ఊరు ఊహిగూయాకు తెచ్చి, మా మోరే భాషలో తీస్తోంది. భార్యను అనుమానించే ధనికుడొకడు చచ్చినట్టు పడుకుని, తన శవం దగ్గర ఎవరేమంటారో వింటాడు. ఆ ధనికుడి వేషం నాది.

"నాటకంలో శవం దగ్గర పెళ్ళామూ పనిమనిషీ తప్ప ఎవరూ మాట్లాడరు మాస్టారూ. అలాగే తీస్తే మనవాళ్ళు నమ్ముతారా? మోసీ చస్తే సామో రాకుండా ఉంటాడా?" అంది జలిస్సా.

నిజమే. మోసీ తెగవాళ్ళమైన మాకు పొరుగు తెగ సామోలతో తాతల నాటి వేళాకోళపు వరస. మేం వాళ్ళను కుక్కతలకాయలు తినేవాళ్ళంటాం, వాళ్ళు మమ్మల్ని బానిసలంటారు. ఎవరికీ కోపం రాకూడదు. మా ఇంట్లో చావు జరిగితే వాళ్ళు వచ్చి, పోయినవాళ్ళ బట్టలు వేసుకుని, వాళ్ళలాగే నడిచి, పాడెకు అడ్డుపడి, ఏడ్చేవాళ్ళను నవ్వించి గానీ కదలరు. రాకపోతే ఆ ఇంటికి అవమానం.

మోపెడ్లు బాగుచేసే తోయే సామో. చిన్నప్పటి నుంచి నా స్నేహితుడు. నా భార్య మమునాటా పోయిన రోజు మాత్రం రాలేదు. వీధి మలుపులో మోపెడ్ ఆపి నిలబడ్డాడు. నేను చూడగానే బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆమె జబ్బుగా ఉన్న రోజుల్లో, నేను పాఠాలకు వెళ్ళాక అతను మా ఇంటికి వచ్చేవాడని పొరుగువాళ్ళు తర్వాత చెప్పారు. ఎందుకొచ్చేవాడో మమునాటా నాకు చెప్పలేదు. నేను తోయేని అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందో అని భయం.

ఇప్పుడేమో సినిమా అనగానే ఒప్పుకున్నాడు. ఒకే షరతు పెట్టాడట: తన మాటలు ఎవరూ రాసివ్వకూడదు.

ఆ ఉదయం ఎడారి గాలికి ఆకాశమంతా దుమ్ము. నన్ను చాప మీద పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. భార్య వేషం వేసిన అమ్మాయి ఏడుస్తూనే, ఎవరికీ కనబడకుండా నా ముఖం మీది ఈగలను విసురుతోంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి అనుకున్నాను.

గుమ్మం దగ్గర గోల మొదలైంది. "ఏడీ నా బానిస? నన్నడక్కుండా ఎలా చచ్చాడు?"

తోయే గొంతే. పల్చటి గుడ్డలోంచి చూశాను. నాలాగే మెడ వంచి, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. జనం పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అతని ఒంటి మీద నా గోధుమరంగు కోటు ఉంది. మోచేతి దగ్గర మమునాటా వేసిన నీలం అతుకు. ఆ కోటు ఎవరో ముష్టివాడికి ఇచ్చేశానని ఆమె నాతో చెప్పింది.

అబద్ధం చెప్పింది. ఎందుకు? గుడ్డ కింద నా ఊపిరి వేడెక్కింది. నాటకంలోని ధనికుడి అనుమానాన్ని నేనిక నటించక్కర్లేదు.

"పిల్లలూ, నోర్మూసుకోండి! ఈ పాఠం పరీక్షలో వస్తుంది!" అని నా గొంతుతో అరిచి, తోయే నా తల దగ్గర చతికిలబడ్డాడు. గొంతు తగ్గింది.

"ఒరే బానిసా, శవానివి గదా, అడ్డుపడకుండా విను. ఈ కోటు నీ పెళ్ళాం ఇచ్చింది. 'నేను పోయినప్పుడు నువ్వు రావద్దు తోయే' అంది. 'నువ్వొస్తే ఆయన నవ్వేస్తాడు. వచ్చినవాళ్ళందరికీ మర్యాదలు చేసి పంపేస్తాడు. ఆ ఒక్కరోజైనా ఏడవనీ' అంది. నేను ఒప్పుకోలేదు. పోట్లాడాను. వారం తర్వాత మళ్ళీ పిలిపించింది. 'ఆయన పోయినప్పుడు మాత్రం ఇది వేసుకుని అందర్నీ నవ్వించు' అని చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళూ నీ మొహం చూస్తూ చెప్పలేకపోయా."

మమునాటా పోయిన రోజు నేను ఏడ్చాను. వాకిట్లో, అందరి ముందు, కూతుళ్ళ చేతులు పట్టుకుని ఏడ్చాను. నవ్వించేవాడు లేక ఏడ్చానని ఇన్నాళ్ళూ అతని మీద కక్ష పెట్టుకున్నాను.

గుడ్డ వణికింది. ఆపుకోలేకపోయాను.

"ఆపండి! శవం ఏడుస్తోంది!" అని జలిస్సా కేకేసింది.

"మోసీలింతే! చావడం కూడా సరిగ్గా చేతగాదు" అన్నాడు తోయే ముక్కు తుడుచుకుంటూ. జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

లేచి కూర్చుని చెయ్యి చాపాను. "ఆ కోటు ఇటివ్వు, కుక్కతలకాయ తిండిపోతా."

"ఇవ్వను. నీ వంతు ఇంకా రాలేదుగా" అన్నాడు. దుమ్ము దులిపి మడతపెట్టి, నీలం అతుకు లోపలికి పోకుండా చూసి, చంకలో పెట్టుకున్నాడు. "పడుకో, మళ్ళీ తీస్తారట. ఈసారి సరిగ్గా చావు."

జలిస్సా కొత్త గుడ్డ తెచ్చింది. నేను పడుకున్నాను.