కొరియర్‌లో వచ్చిన బంగారు పతకం

అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న ఆడవాళ్ళ జిమ్ముకి భావన రావడం మొదలుపెట్టిన నాటి నుంచి వనితకు అన్నం సయించడం లేదు.

వనిత అక్కడ ట్రైనర్. బోరబండ పిల్ల. నాలుగు వందల మీటర్ల పరుగులో పేరున్న మనిషే కానీ, ఆ పేరు ఎప్పుడూ రెండోదే. మొదటి పేరు శ్రీనగర్ కాలనీ భావనది. ఏ పోటీకి వెళ్ళినా భావన వీపు చూస్తూ పరిగెత్తడమే వనిత రాత. చివరికి ఒక జాతీయ పోటీలో భావన గెలిచిన కొన్నాళ్ళకి, ఆమె ఒంట్లో నిషేధించిన మందు ఉందని పరీక్షలో తేలింది. నాలుగేళ్ళు పోటీల్లోకి రావద్దన్నారు. పతకం వెనక్కి తీసుకుని, రెండో స్థానంలో ఉన్న వనితకు పంపారు. పంపారంటే, కొరియర్‌లో! ఎవడో వచ్చి సంతకం పెట్టించుకుని డబ్బా చేతిలో పెట్టి వెళ్ళాడు. మైకులో పేరు పిలిచింది లేదు, మెడలో వేసింది లేదు. వాళ్ళమ్మ రుద్రమ్మ ఆ పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది నువ్వు గెల్చినవా బిడ్డా, ఆళ్ళే పంపిన్రా?" అని అడిగింది. పాపం, తెలియక అడిగింది. వనిత ఆ రాత్రే ఆ డబ్బాను బీరువా అడుగున తోసేసింది.

నాలుగేళ్ళూ గడిచాయి. భావన తిరిగొచ్చింది. జిమ్ము యజమాని బుచ్చిబాబు ఆమెను ఫీజు లేకుండా చేర్చుకుని, 'మన ఛాంపియన్ మళ్ళీ ట్రాక్ మీదకి' అని బయట ఫ్లెక్సీ కట్టించాడు. ఏళ్ళ తరబడి అక్కడే చెమటోడుస్తున్న వనిత ఫొటో దాని మీద గోరంత కూడా లేదు. మందు మింగినదానికి మేళతాళాలా? ఒళ్ళు మండదా మరి! ఎవరికైనా మండుతుంది.

"ఒక్కసారి దొరికితే మళ్ళ జన్మల ఉర్కనియ్యొద్దు" అనేది వనిత వాదన. చిన్నప్పటి కోచ్ రాజనర్సయ్య కనిపించినప్పుడల్లా ఇదే పంచాయితీ.

"ఖూనీ చేసినోడు సుత శిక్ష అయినంక బయటికొస్తడు. ఆ పిల్ల నాలుగేండ్లు ఇంట్ల కూసున్నది. సాలదా?"

"సాలదు సార్. నేను గెల్చిన రోజు నాకు మళ్ళ తెచ్చిస్తరా ఎవరన్న? అడుసు తొక్కుడెందుకు, కాళ్ళు కడుగుడెందుకు?"

"న్యాయం కోసం అంటున్నవా, కడుపుమంటతోని అంటున్నవా?"

వనిత వంగి బూట్ల తాళ్ళు బిగించుకునేది. రెండూ నిజమే కదా.

భావనలాంటి వాళ్ళకి ఒక నియమం ఉంది. రోజూ ఒక గంట తాము ఎక్కడ ఉంటారో ముందే ఫోన్‌లో నమోదు చెయ్యాలి. పరీక్ష చేసేవాళ్ళు చెప్పాపెట్టకుండా ఆ గంటలో దిగుతారు. ఏడాదిలో మూడుసార్లు దొరక్కపోతే, మందు వాడినా వాడకపోయినా మళ్ళీ నిషేధమే. భావన 'పొద్దున ఆరు నుంచి ఏడు, జిమ్ము' అని పెట్టింది. ఊరెళ్తూ మార్చడం మరిచి ఒకసారి, అంతకుముందు ఇల్లు అని పెట్టినప్పుడు బెల్లు పనిచేయక ఒకసారి అప్పటికే తప్పిపోయింది. ఇంకొక్కటి తప్పితే, ఆ వయసులో ఇక పరుగు మాట మరిచిపోవడమే. ఆ సంగతి వనితకు చెప్పింది కూడా తనే. "మేడ మీద ప్రాక్టీస్ చేస్తుంటే కింద ఎవరొచ్చారో తెలీదు వనితా. వాళ్ళొస్తే ఒక్క కేక వెయ్యవా, ప్లీజ్" అంది.

వాళ్ళు రానే వచ్చారు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఆరు దాటింది. భావన మేడ మీద ఉంది. కింద వనిత ఒక్కతే.

"భావనగారు ఉన్నారా?"

"ఇంకా రాలే మేడం."

అనాలని అనుకోలేదు, నోరే అనేసింది. ఆవిడ జిమ్మంతా తిరిగి చూసి, "పైన?" అని అడిగింది.

"పైన నీళ్ళ ట్యాంకులే మేడం. ఇంకేం లేవు."

ముందుగా ఫోన్ చేసి పిలవడం వాళ్ళ పద్ధతి కాదు. ఆ గంట ముగిసేదాకా చూద్దామని కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. వనితకు మొదట్లో పండగలాగే ఉంది. ఏ కమిటీ ఇవ్వని తీర్పు తానే ఇచ్చేసింది. జన్మలో భావన వీపు చూడనక్కర్లేదు. వచ్చే నెల పోటీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇక ఒక్క పేరే ఉంటుంది.

అక్కడే గొంతులో వెలక్కాయ పడింది. మొదట వచ్చినా, మళ్ళీ భావన లేనిచోటే కదా గెలవడం! ఈసారి అందరి ముందూ మెడలో వేసినా, అదీ కొరియర్‌లో వచ్చినదాంతో సమానమే. కళ్ళెదుట, పక్క లైనులో, దాన్ని ఓడించాలి. అది తన వీపు చూడాలి. జాలీ కాదు, పాపభీతీ కాదు, అచ్చమైన అసూయే వనితను మెట్లెక్కించింది.

"దిగు. టెస్టు చేసెటోళ్ళొచ్చిన్రు."

"ఎప్పుడొచ్చారు?"

"గంట కావస్తున్నది. నేనే నువ్వు లేవని చెప్పిన."

భావన మొహం పాలిపోయింది. "మరి ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

"నువ్వు పోతే నేనెవర్ని ఓడగొట్టాలె? ఉరుకు ముందు!"

ఏడు కొట్టేలోపే దిగారు. ఆ ఆడమనిషి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వనితతో అంది: "రాలేదన్నారు. పైన ఏమీ లేదన్నారు. మీరూ పోటీల్లో పరిగెత్తే మనిషే కదా? పరీక్షకి అడ్డుపడి అబద్ధం చెప్పినా మందు వాడినంత నేరమేనమ్మా. మీకూ నిషేధం పడుతుంది."

వచ్చే నెల పోటీ, జిమ్ములో ఉద్యోగం, అన్నీ వనిత కళ్ళ ముందు తిరిగాయి. ఇక భావన ఒక్క మాట అంటే చాలు. ఆమె స్థానంలో తానుంటే ఆ మాట అనడానికి క్షణం ఆలోచించేది కాదని వనితకు బాగా తెలుసు.

భావన తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"ఆమె తప్పేం లేదండీ. నేను పక్క మెట్ల మీంచి పైకెళ్ళాను, తను చూడలేదు. ఇప్పుడు ట్యాంకు చూడ్డానికొచ్చి, నన్ను చూసి, పరుగెత్తించి తీసుకొచ్చింది."

ఆవిడ ఒక నిమిషం నమ్మనట్టు చూసి, సరేనని భావనను పరీక్షకి లోపలికి తీసుకెళ్ళింది. భావన వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

వనిత కుర్చీలో కూలబడింది. దండం పెట్టాల్సిన చోట ఆమె కడుపు మునుపటికన్నా ఎక్కువ మండింది. ఇందులో కూడా అదే గెలిచింది. ఈసారి ఏ మందూ వాడకుండానే గెలిచింది.