సైదమ్మ గడప మీది లైట్‌హౌసు

నేను పిరికిదాన్ని. బడిలో బెత్తం పట్టుకుంటే పులిని, గేటు దాటితే పిల్లిని. ముందే చెప్పేస్తున్నాను.

నా పేరు పుల్లమ్మ. 1963లో కట్టంగూరు మిషన్ బడిలో పంతులమ్మను. సముద్రం ముఖం చూడలేదు గానీ చిన్న చిన్న లైట్‌హౌసు బొమ్మలంటే నాకు పిచ్చి. నాలాంటి పిచ్చిదే ఇంకొకతె వారపత్రికకు రాసిన ఉత్తరం చూసి జాబు రాశాను. ఆమె కోదాడలో నర్సు, జానమ్మ. బందరు లారీలు ఆమె ఊరి మీదుగా మా ఊరికి వస్తాయి. డ్రైవర్లతో చెప్పి బొమ్మలు తెప్పించి, ఒకటి తాను ఉంచుకుని ఒకటి నాకు పంపేది. దారిలో పగలకుండా, తల దువ్వుకున్నప్పుడు ఊడిన చిక్కువెంట్రుకలు దాచిపెట్టి బొమ్మకు చుట్టేది.

ఆ రోజు లారీ మల్లన్న తొందరలో మూటను బడికి ఇవతలి ఇంటి గడప మీద పెట్టి పోయాడు. నాది అవతలి ఇల్లు. ఇవతలిది సైదమ్మది. ఆమె బిడ్డ రామమ్మ మూడు రోజులుగా జ్వరంతో వాకిట్లో మంచం మీద పడి ఉంది.

సైదమ్మ మూట విప్పింది. వెంట్రుకల మధ్య ఎర్రపట్టీల మట్టిబొమ్మ.

"బాణామతి," అంది.

వాడంతా కూడింది. నిన్న ఆ గడప ముందు కూర్చుని గంజి అడిగిన ముసలి అండాలును ఈడ్చుకొచ్చారు. పళ్లు పీకితే మంత్రం పలకదని నమ్మకం. గుంపులోంచి గాలయ్య పటకారు తెచ్చాడు.

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. బొమ్మ నాదంటే ఆ పటకారు నా నోట్లోకి వస్తుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాసేపు నోరు మూసుకునే ఉన్నాను. గాలయ్య ఆమె దవడ పట్టుకున్నాక గానీ ముందుకు అడుగు వేయలేదు.

"గా బొమ్మ నాది. అవ్వను ఇడువుండ్రి."

ఇంట్లోకి ఉరికి, నా దగ్గరున్న పదకొండు బొమ్మలూ కొంగులో తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. అంతకన్నా తెలివితక్కువ పని ఉండదు. జనం వెనక్కి జరిగారు.

"ఇన్నా? ఇంకెవరెవరి ఇండ్లల్ల పెడ్తవు పంతులమ్మా?" అంది సైదమ్మ ఏడుస్తూ.

గాలయ్య అండాలును వదిలి నా వైపు వచ్చాడు. నిన్న వచ్చిన జానమ్మ కార్డు తీసి చదివాను.

"నువ్వు సదివితే నీకు నచ్చినట్టే సదువుతవు," అన్నాడు.

నిజమే. ఆ గుంపులో చదువొచ్చిన పెద్దమనిషిని నేనొక్కదాన్నే.

"నేను సదువుత," అని మంచం మీంచి రామమ్మ చెయ్యి చాపింది.

మూడో తరగతి పిల్ల. కూడబలుక్కుంటూ చదువుతుందని మొన్ననే తిట్టాను. మధ్యలో ఆగిపోతే నా పళ్లు దక్కవు.

"పు... ల్ల... మ్మకు. మల్లన్న లారీల బొమ్మ పంపిన. పగలకుండ నా చిక్కు..." ఆగింది. పటకారు నా మోచేతికి తగులుతోంది. పిల్ల పెదాలు తడుపుకుంది. "వెం... ట్రు... కలు చుట్టిన. ఈ యేడు బందరు పోయి సముద్రం చూద్దమా?"

సైదమ్మ మంచంపట్టె మీద కూలబడి బిడ్డ తల నిమిరింది. గాలయ్య పటకారు పంచెలో దాచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

నేను అండాలు ముందు కూర్చున్నాను. "ఏం గాలే అవ్వా. అయిపోయింది."

ఆమె నోటి మీది చెయ్యి తీయలేదు. వేళ్ల సందుల్లోంచే అంది:

"నువ్వు మొదటిసంది గా గోడకాడనే ఉన్నవు గద బిడ్డా."