తియ్యమన్న పువ్వు

గోపాలసామికి అడవి పిచ్చి లేదు. అది ఆయన భార్య శాంతాదేవిది. ఏటేటా ఆయన్ని తమ ఊరు సుంగై సిపుట్ నుంచి లాక్కొచ్చి, ఎప్పుడూ మబ్బు కమ్మి ఉండే ఈ కొండమీది అడవిలో ఆర్కిడ్లు వెతికించేది. నాచు పట్టిన కొమ్మలన్నీ తడిమి, బియ్యపుగింజంత మొగ్గ కనిపిస్తే చాలు, పుట్టింటివాళ్లు ఎదురొచ్చినంత సంబరపడేది. ఎవరి పిచ్చి వాళ్లకానందం అనుకుంటూ ఆయన చెట్టు మొదట్లో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగేవాడు.

ఒక్క పువ్వుకి మాత్రం ఆయనా లేచేవాడు. బాటకి దిగువన, వంగిపోయిన ముసలిచెట్టు మీద, ఏడాదికోసారి పూసే తేనెరంగు పువ్వది. మరెక్కడా వాళ్లకి అలాంటిది కనపడలేదు. శాంతాదేవి దాన్ని ఏనాడూ కోయలేదు. "కొమ్మ మీదుంటే మనది, సేతికొస్తే సచ్చినట్టే" అనేది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఎల్లుండి సంవత్సరీకం. ఆమె పటం పక్కన ఆ పువ్వు ఫోటో పెట్టాలని ఆయన కోరిక. అందుకే క్లాంగ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు తర్షిణిని రప్పించి, కొండెక్కాడు. పువ్వున్న చోటు చూపించాడు గానీ, ఆ జారుడు వేళ్ల మీద దిగడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. బాట మీదే నిలబడిపోయాడు. తర్షిణి ఒక్కతే దిగింది.

తర్షిణికి తెలుగు అర్థమవుతుంది. మాట్లాడమంటే నాలుగు మాటలకే తమిళంలోకి జారిపోతుంది. చదివేది తమిళబడి, అక్కడ పనికొస్తుందని తల్లీతండ్రీ ఆ పిల్లతో తమిళమే మాట్లాడారు. తెలుగుని తమ పోట్లాటలకి దాచుకున్నారు. మొగుడూపెళ్లాలకి ఆ మాత్రం చాటు ఉండాలి కదా! ఇప్పుడు పోట్లాడే మనిషి లేక, ఆయన కూతురితోనూ తెలుగే మాట్లాడుతున్నాడు.

"కనపడిందా అమ్మా?" పైనుంచి కేకేశాడు గోపాలసామి.

"ఉంది నాన్నా! పూసింది! రొంబ అళగు లా!" చాలా అందంగా ఉందని తమిళంలో అరిచింది.

శాంత లేకపోయినా అది పూసింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తియ్యమ్మా! అమ్మకోసం తియ్యి! మెల్లగా తియ్యి!"

కాసేపటికి తర్షిణి ఒంటినిండా బురదతో పైకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. దోసిలి విప్పింది. పువ్వు, కాడ, దుంప, తెగిన వేళ్లు, ఇంత నాచు.

"జాగ్రత్తగా తీసినాను నాన్నా."

"ఏటి సేసినావు!" అడవంతా వినపడేలా అరిచాడాయన. "ఫోటో తియ్యమన్నాను గదా!"

తర్షిణి బిత్తరపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఫోటో అనలేదు నాన్నా. తియ్యి అన్నావు, అంతే. అమ్మ పటానికి పెడతావనుకున్నాను."

నిజమే, దారిలో కూడా అనలేదు. పువ్వులు కోస్తారు, ఫోటోలు తీస్తారు. తెలుగులో పెరిగిన పిల్లకైతే వేరే చెప్పనక్కర్లేదు. ఈ పిల్లకి చెప్పిందెవరు? శాంతాదేవి మాటలన్నీ ఆయన చెవిలోనే ఉండిపోయాయి, కూతురిదాకా ఒక్కటీ రాలేదు. అరిచినందుకు ఆయనకి సిగ్గేసింది.

"ఏడవకమ్మా. నీ తప్పు కాదు."

తర్షిణి విన్లేదు. మళ్లీ దిగింది. చున్నీ అంచు చింపి, దుంపని పాత చోటనే ఆనించి, నాచు కప్పి కట్టింది. పైనుంచి ఆయన "బిగించకు, వదులుగా కట్టు" అంటూనే ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఇద్దరిలో ఆయనకే తెలుసు. వేళ్లు సగం కొమ్మలోనే తెగి ఉండిపోయాయి.

పైకొచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుంది. మాటలు కూడదీసుకుని, తెలుగులోనే అడిగింది.

"అది బతుకుతాదా నాన్నా?"

పోయినేడు ఆసుపత్రి వరండాలో, డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన కూతుర్ని ఆయన అడిగిందీ ఇదే. ఆవేళ ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, "బతుకుతాది నాన్నా" అంది. ఆ అబద్ధాన్ని పట్టుకునే ఆయన మరో వారం శాంతాదేవికి గంజి తాగించాడు.

"బతుకుతాదమ్మా," అన్నాడు గోపాలసామి.

తర్షిణి ఆయన ముఖంలోకి చూసింది. ఆవేళ్టిలాగే కళ్లు తుడుచుకుని, పట్టుకున్న చెయ్యి వదలకుండా ఆయన్ని బాటమీద నడిపించింది.