రోందు అన్న పేరు

మొగుడి మిలిటరీ మాటలతో నూకాలమ్మ ప్రాణం విసిగిపోయింది. పైడిబాబు పటాలం వదిలి ఏళ్లు గడిచాయి. ఇప్పుడు జంషెడ్‌పూర్ గోల్‌మురిలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం. అయినా ఇంట్లో వంటిల్లుని లంగరంటాడు, కొత్తగా కాపురానికొచ్చిన కోడల్ని కొత్త సిపాయిలా రంగ్రూటంటాడు. ఇవి చాలవన్నట్టు ఇవాళ పాత పటాలం స్నేహితుడు ధర్మరాజు ఊడిపడ్డాడు. గుమ్మంలోంచే, "ఒరే రోందూ" అని పైడిబాబును కేకేశాడు.

రోందు అంటే హిందీలో ఏడుపుగొట్టువాడు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన నూకాలమ్మకు ఆ మాటకి అర్థం ఒకరు చెప్పక్కర్లేదు. వినగానే ఒళ్లు మండింది. ఏడుపుగొట్టువాడట. మూడేళ్ల కూతురు శ్వేత జ్వరంతో చనిపోయినప్పుడు, అంతా అయిపోయాక సెలవు దొరికి వచ్చిన ఈ తండ్రి ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. కారుతున్న కుళాయి బాగుచేశాడు, చారన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఆ తరవాత ఆమె కాపురమూ చేసింది, కొడుకునీ కన్నది. క్షమించడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

టీ గ్లాసు ధర్మరాజు ముందు ఠక్కున పెట్టింది.

"ఏటా పేరు? ఎవులెట్టేరు?"

"మా బారక్‌లో అందరికీ పేర్లే వదినా. పేరు లేనోడు మనోడు కాదని లెక్క. అన్నీ తిరగేసి ఎట్టీవోళ్లం. బక్కోడు పహిల్వాను. నోరిప్పనోడు రేడియో. వాగుడుకాయనని నన్ను మౌనీబాబా అనీవోరు."

"అలా సెప్పు. ఈ బండరాయికీ తిరగేసే ఎట్టేరన్నమాట."

"టీ సల్లారిపోతంది, తాగరా ధర్మా," అన్నాడు పైడిబాబు గాబరాగా. ధర్మరాజు ఆగే రకమా?

"కాదొదినా. ఈడికొక్కడికే ఉన్నదున్నట్టు ఎట్టేం. పాప పోయిందని కబురొచ్చింది. మంచు పడి కొండ దారి మూసీసేరు. సెలవిచ్చినా కిందికి దిగడానికి లేదు. దారి తెరిసీవరకూ దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడిసేడు. మాకెవులికీ నిద్దర్లేదు. ఊరుకోరా రోందూ అని ఒకడు తిట్టేడు. తిట్టినోడూ ఏడిసేడు. ఆ పేరలా ఉండిపోయింది. ఇంటికెల్లి మాత్తరం ఏడవకు, ఆయమ్మ తట్టుకోలేదు అని మేమే సెప్పి పంపేం."

పైడిబాబు తలెత్తలేదు. నూకాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోపం తగ్గలేదు సరికదా, ఎవరి మీద చూపించాలో తెలియక ఇంకా పెరిగింది.

"మీరు సెప్పేరు, ఈయన ఇన్నాడు. బాగుంది. నన్నెవులడిగేరు?" అంది ధర్మరాజుతో. తరవాత మొగుడి వైపు తిరిగింది.

"పటాలవంతటి ముందూ ఏడిసేవు. నానొక్కర్తినే ఏడిసేననుకున్నాను గదయ్యా, ఇన్నేళ్లూ."