కేసింగ్ లేని బావి

సర్వేయరమ్మ చేతిలో ఉన్నది నేలలో ఇనుమును పసిగట్టే యంత్రం. పొలమంతా తిప్పినా అది నోరు మెదపలేదు. పశువుల పాక దగ్గరికి వచ్చేసరికి కొంపలంటుకున్నట్టు మోత మొదలుపెట్టింది.

"ఇక్కడేదో గట్టిగానే ఉందండీ," అందామె.

పొలం గల అన్నదమ్ముల్లో తమ్ముడు పగలబడి నవ్వాడు. "పాక స్తంభాలమ్మా అవి! మా అన్నయ్య పాతాడు. ఇంకాస్త ముందుకెళ్తే నా పంటికి కట్టిన తొడుగు కూడా పట్టేస్తుందేమో నీ యంత్రం."

అన్న నవ్వలేదు. ఆయన్ని అందరూ మూగాయన అంటారు. మూగవాడేం కాదు, మాట పొదుపు. అన్నదమ్ముల ఉమ్మడి పొలాన్ని ఇప్పుడు ఇరవై ప్లాట్లుగా కోయాలి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల గ్యాస్ కోసం బావులు తవ్వి వదిలేశారు. అలాంటి బావి మీద ఇల్లు కడితే గ్యాస్ పైకొచ్చి అంటుకుంటుందని, పొలంలో పాత బావి లేదని తేలితేనే ప్లాట్లకు ఆఫీసులో ముద్ర పడుతుంది. ఆ ఇరవైలో ఒకటి మూగాయన కూతురికి. పదకొండేళ్లుగా అద్దె ఇళ్లలో, గోడకు మేకు కొట్టాలన్నా ఒకరి నోటివంక చూస్తూ బతుకుతోంది.

ఆయన స్తంభం మీద చెయ్యి వేశాడు. "బావి ఇనుము ఇదే తల్లీ."

"అంటే?"

చెప్పాడు. ఏడాది మొత్తానికి సరిపడా మాటలు ఆ పూటే ఖర్చుపెట్టాడు. ఆ బావిని మూసిన కూలీల్లో తానొకడు. అడుగు నుంచి పైదాకా సిమెంటు పోయాలని కాగితాల్లో ఉంది. కంట్రాక్టరు సిమెంటు లారీని ఇంకెక్కడికో తోలించాడు. బావి గోడ కూలకుండా దింపిన కేసింగ్ పైపుల్ని జాకీలు పెట్టి పైకి లాగించాడు. ఖాళీ అయిన బొక్కలోకి చెట్టు మొద్దు దింపి, రాళ్లూ మట్టీ కొట్టి, పైపైన రెండు బస్తాల సిమెంటు పూయించాడు. వంగిన పైపులు కూలీలకు వదిలేశాడు. మూగాయన నాలుగు మోసుకొచ్చి పాక వేసుకున్నాడు. ఇనుప స్తంభాల పాక తనదొక్కడిదేనని కొన్నాళ్లు మీసం మెలేశాడు కూడా.

"ఇనుము పీకేశాక నీ యంత్రానికేం తెలుస్తుంది? బావి ఆ మూలన ఉంది. వాన పడితే నీళ్లలో బుడగలొస్తాయి. తవ్వి చూడు."

"అక్కడ గాలి కూడా పరీక్ష చేశాను తాతగారూ. ఏమీ రాలేదు."

"రోజూ రాదు తల్లీ. వచ్చినప్పుడొస్తుంది."

ఆమె ఫైలు తిప్పి చూపించింది. "పాత మ్యాప్‌లో బావి రోడ్డు అవతలుంది. కిందిదాకా సిమెంటు పోసినట్టు రాశారు. సాక్షి సంతకం కూడా ఉంది."

మూడో తరగతిలో బడి మానేసినవాడి సంతకం, అక్షరానికి అక్షరం అందకుండా. తనదే. ఆ రోజు చదవకుండా పెట్టాడు. చదివినా పెట్టేవాడే.

"అది అబద్ధం," అన్నాడు.

"అదబద్ధమైతే ఇప్పుడు చెప్పేది నిజమెలా అవుతుంది?" తమ్ముడు అందుకున్నాడు. "పొద్దున విప్పిన చొక్కా ఎక్కడుందో తెలీదమ్మా ఈయనకి. యాభై ఏళ్ల కిందటి బొక్క తెలుసంట!"

"యంత్రం చూపించని చోట తవ్వాలంటే భూమిగలవాళ్లిద్దరూ ఒప్పుకోవాలండీ."

"నేనొప్పుకోను."

ఆమె 'బావి లేదు' అని రాసుకుని వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరిగాక తమ్ముడు ప్లాట్ల నక్షా బల్ల మీద పరిచాడు. "సరిగ్గా ఎక్కడ అన్నయ్యా?" అని మెల్లగా అడిగాడు.

మూగాయనకు ప్రాణం లేచొచ్చింది. ఏడో నంబరు మీద వేలు పెట్టాడు. "ఈ ఒక్కటి వదిలెయ్యరా. మొక్కలు పెట్టుకుందాం."

ఏడో నంబరులో తమ్ముడి కొడుకు పేరుంది. తమ్ముడు దాన్ని రబ్బరుతో చెరిపి, మూగాయన కూతురి పేరు రాశాడు. పన్నెండులో ఉన్న ఆమె పేరు తీసి, కొడుకు పేరు దించాడు.

"మూల ప్లాటు. రెండువైపులా రోడ్డు. అమ్మాయికి బాగుంటుంది."

"నమ్మావు కదరా నువ్వు!"

"నమ్మితే ఏంటి, నమ్మకపోతే ఏంటి? లేదని ఆఫీసే రాసింది. భయమైతే ఎవడికైనా అమ్మెయ్. కొనేవాడికేం కలొస్తుందా?"

సంగతి విని కూతురు బాబాయ్ ఇంటికి వెళ్లింది. పన్నెండో నంబరు కోసం బతిమాలింది. ఆయన మళ్లీ రబ్బరు తియ్యలేదు.

"అమ్మేద్దాం నాన్నా. ఇంకోచోట కొనుక్కుందాం."

"కొన్నవాళ్లో?"

"వాళ్లూ పరీక్ష చేయించుకుంటారు."

"ఆ పరీక్షలో ఏం తేలుతుందో చూశాంగా."

"అప్పుడు నోరు కుట్టేసుకున్నావు. ఇన్నేళ్లూ కుట్టేసుకునే ఉన్నావు. నా వంతు వచ్చేసరికే ఊడాయా నాన్నా ఆ కుట్లు?"



రిజిస్ట్రేషన్ రోజున ఏడో నంబరును కూతురికి కాక తన పేరు మీదే రాయమన్నాడు. కింద ఇంకో మాట చేర్చమన్నాడు: ఇందులో గ్యాస్ బావి ఉంది, సరిగా మూయలేదు, మూసినవాళ్లలో నేనొకణ్ణి.

దస్తావేజులు రాసేవాడు కలం ఆపాడు. "ఇలా రాస్తే ఇది చచ్చినా అమ్ముడుపోదు పెద్దాయనా. ఇల్లు కట్టడానికీ అనుమతివ్వరు."

"అందుకే రాయి."

తమ్ముడు తల కొట్టుకుంటూ తన కాగితాలు తీసుకున్నాడు. కూతురు బెంచీ మీంచి లేచింది.

"మా ఇంటి ఓనరమ్మ నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమంది. ఇల్లు వెతుక్కోవాలి. వస్తాను," అంది.

నాన్నా అనలేదు. మెట్లు దిగి రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఆయన ఈసారి కాగితం చదివే సంతకం పెట్టాడు.