మూడో కొటేషన్

ఇరవై ఆరేళ్లుగా నేను ప్రభుత్వానికి వస్తువులు కొనిపెడుతున్నాను. కుర్చీలు, ఫ్యాన్లు, ఫినాయిల్ డబ్బాలు, ఒకసారి పెద్దసారు గదికి పింగాణీ టీ కప్పులు. నా సంతకం లేకుండా మా భవనంలోకి గుండుసూది కూడా రాదు. అలాంటివాణ్ణి, కన్నకూతురి కంప్యూటర్‌లో వేసే కార్డు ఒకటి కొనడానికి ఏం చేశానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మా ఆవిడ కూడా మొదట్లో నవ్వింది, తరవాత మానేసింది.

నా పేరు భీమేశ్వరరావు. మాది సామర్లకోట. ఢిల్లీ సరోజినీ నగర్‌లో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉంటున్నాం, నేనూ, మా ఆవిడ అనసూయా, మా అమ్మాయి తేజశ్రీ. తేజశ్రీ ఇక్కడే పుట్టింది. బీఎస్సీ మొదటి సంవత్సరం. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. నాన్నా అనడం ఎన్ని సార్లు నేర్పినా పాపా అనే పిలుస్తుంది. మా ఊరి చుట్టాలు విని, తండ్రిని పట్టుకుని పాప అంటుందేమిట్రా ఈ పిల్ల అని ముక్కున వేలేసుకుంటారు.

చదువులో ఫరవాలేదు, ఆటలో దిట్ట. ఆటంటే మైదానంలో ఆడేది కాదు. గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఐదుగురమ్మాయిలు ఒక జట్టుగా ఇంకో ఐదుగురి మీద తుపాకులు పేల్చే కంప్యూటర్ ఆట. జట్టులో మిగతా నలుగురూ నోయిడా, గుర్‌గావ్‌ల పిల్లలు. నాయకురాలి పేరు వీణ. రెండేళ్లుగా కలిసి ఆడుతున్నా ఒకళ్లనొకళ్లు ఎదురుగా చూసుకున్నది మూడు సార్లో నాలుగు సార్లో.

దసరా రోజున తేజశ్రీ నా ముందుకొచ్చి నిలబడింది.

"పాపా, ఏక్ బాత్ హై. మా టీమ్ నేషనల్స్‌కి సెలెక్ట్ అయింది. నవంబర్ పదహారు మ్యాచ్. కానీ నా కంప్యూటర్ అటక్ అవుతోంది."

లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న కంప్యూటర్ అది. అప్పుడు వేసిన గ్రాఫిక్స్ కార్డు ఇప్పటి ఆటలకు చాలడం లేదట. ఎదుటివాళ్లు మలుపు తిరిగి వచ్చే సమయానికి తెర మీద బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి ఈ పిల్ల చచ్చిపోయి ఉంటుంది.

"కార్డు మార్చాలి పాపా. నా వల్లే టీమ్ ఓడిపోతోంది. వీణ దీదీ ఇంకో అమ్మాయిని రెడీగా పెట్టుకుంది. మ్యాచ్‌కి వారం ముందు నుంచి ప్రాక్టీస్. అప్పటికి నా కంప్యూటర్ ఠీక్ అవ్వకపోతే నన్ను తీసేస్తుంది."

ఏ కార్డు కావాలో పేరూ నంబరూ కాగితం మీద రాసుకుని మరీ వచ్చింది. అంత పొడుగు తెలుగు అది మాట్లాడి ఎన్నాళ్లయిందో. నేను అన్నీ విన్నాను. నా పుస్తకంలో మాత్రం 'నవంబర్ 16' అని ఒక్క ముక్కే రాసుకున్నాను. ఆఫీసులో ఆఖరి తేదీ అంటే ఆఖరి తేదీయే. దానికి వారం ముందు జరిగేవాటిని మేము లెక్కలోకి తీసుకోం.

"కొనెయ్యండి. ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల," అంది అనసూయ వంటింట్లోంచి. డబ్బు అడ్డమైతే ఇంత చెప్పుకునేవాణ్ణి కాదు. అది అడ్డం కానే కాదు.

"కొంటాను. పద్ధతిగా కొంటాను," అన్నాను.

నా పద్ధతేమిటో చెప్పాలి. పదిహేనేళ్ల కిందట, జూన్ నెలలో, ఉక్కకు తట్టుకోలేక సెక్షన్‌లో జనం గోల పెడుతుంటే ఒకే దుకాణం నుంచి ధర రాయించుకుని పన్నెండు ఫ్యాన్లు కొన్నాను. ఆడిట్‌వాళ్లు పట్టుకున్నారు. మూడు దుకాణాల కొటేషన్లు ఎందుకు తీసుకోలేదో మూడేళ్లు జవాబులు రాశాను. నా ప్రమోషన్ అక్కడే ఆగిపోయింది. అప్పటి నుంచి వంకాయలు కూడా మూడు బళ్ల దగ్గర అడిగితేగాని కొనను. అనసూయ నాతో బజారుకు రావడం ఎప్పుడో మానేసింది.

ఆ శనివారం నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారుకి వెళ్లాను. రెండు దుకాణాలవాళ్లు ముద్ర వేసి ధర రాసిచ్చారు. మూడోవాడు నన్ను ఎగాదిగా చూశాడు. "అంకుల్ జీ, ఏక్ కార్డ్ కే లియే లెటర్‌హెడ్? లేనా హై తో లీజియే," అని, కొంటే కొను లేకపోతే పో అన్నట్టు పక్కవాడితో మాటల్లో పడ్డాడు. ఒళ్లు మండింది. రెండు కాగితాలతో ఇంటికొచ్చాను.

ఆ సాయంత్రం తేజశ్రీ నా పక్కన కూర్చుంది. "మిల్ గయా?" అంది.

"రెండు వచ్చాయమ్మా. ఇంకోటి రావాలి. ఇంతకీ ఈ కార్డు చేసే పనేమిటి?"

ఊరికే అడిగాను. అది ఆలోచించింది. తెలుగు మాటల కోసం వెతుక్కుంది.

"మీ ఆఫీసులో పెద్ద క్లర్క్ ఉంటాడు కదా పాపా, అన్నీ చూసేవాడు? వాడు ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డ్ అంటే ఒట్టి బొమ్మలు గీసే క్లర్క్. సెకనుకి వంద బొమ్మలు గీయాలి. మన క్లర్క్ బుడ్ఢా అయిపోయాడు. ముప్పై గీసి కూర్చుంటున్నాడు."

"అయితే రిటైర్ చేసి ఇంటికి పంపించాల్సిందే," అన్నాను.

అది పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని అనసూయ గరిటె పట్టుకుని బయటికొచ్చి చూసింది.

సోమవారం ఆఫీసు నుంచి రాగానే మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ మరునాడూ అంతే. నేను టీ తాగుతూ ఏదో ఒకటి అడిగేవాణ్ణి. కార్డు మీద మెమరీ ఎంత ఉండాలి? పాత పవర్ సప్లై దీన్ని మోస్తుందా? వేడెక్కితే ఏమవుతుంది? ఫోన్‌లో బొమ్మలు చూపించి, చేతులు తిప్పుతూ చెప్పేది. మధ్యలో కాలేజీ కబుర్లు దొర్లేవి. కెమిస్ట్రీ మాస్టారు ఎలా నడుస్తాడో నడిచి చూపించింది. తను ఆటలో చచ్చిపోయినప్పుడల్లా వీణ ఒక్క మాటా అనదనీ, అదే తనకు ఎక్కువ బాధగా ఉంటుందనీ చెప్పింది. ఒకరోజు నేను నెహ్రూ ప్లేస్‌లో విన్నదేదో దానికే పాఠం చెప్పబోతే, "తాతకు దగ్గులు నేర్పుతున్నారు మీ నాన్న," అని అనసూయ వెక్కిరించింది. ఆ సామెత అర్థం ఏమిటో చెప్పించుకుని అది మళ్లీ నవ్వింది.

పన్నెండేళ్లు నిండాక ఈ పిల్ల నా పక్కన ఇలా కూర్చున్నది లేదు. తలుపు వేసుకున్న గది, చెవులకు హెడ్‌ఫోన్లు, తిన్నావా అంటే హా పాపా. ఆరేళ్లుగా నాకు తెలిసిన కూతురు అంతే. మా ఇంట్లో ఇంత సరదా మనిషి ఉందని నాకు తెలియనే తెలియదు.

దీపావళి దగ్గరికొచ్చింది. పండక్కి ధరలు తగ్గుతాయి, ఆగుదాం అన్నాను. పండగ వెళ్లింది. రెండు కొటేషన్లకూ గడువు దాటిపోయింది, మళ్లీ కొత్తవి తేవాలి అన్నాను. "ఆలస్యం అమృతం విషం అన్నారు. ఇంక మీ ఇష్టం," అంది అనసూయ. ఆమె నవ్వడం మానేసింది అప్పుడే.

ఆఫీసులో నా జూనియర్ రఘునందన్ కూడా చెప్పాడు. అశోకా రోడ్డులో మన తెలుగు క్యాంటీన్‌లో ఇద్దరం భోజనం చేస్తుంటే ఈ సంగతి గొప్పగా చెప్పాను. అతను పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఆగిపోయాడు.

"అదేంటి సార్, అంత చిన్న సరుక్కి మన రూల్సులోనే మూడు కొటేషన్లు అక్కర్లేదు గదా? తిన్నగా కొనేసి ఓ సర్టిఫికెట్ రాసుకుంటే సరిపోద్ది. పైగా ఇంటికండీ ఇది!"

అక్కర్లేదని నాకు తెలియదా? ఆ రూలు ఇతనికి నేర్పిందే నేను. ఏ కార్డు కొనాలో, ఎక్కడ కొనాలో రెండో వారానికే నాకు పూర్తిగా తెలుసు. తెలిసీ సాగదీశాను. ఫైలు మూసేస్తే పిల్ల వచ్చి కూర్చోవడం ఆగిపోతుందని నా భయం. ఫ్యాన్ల కథ, ఆడిట్ కథ, దీపావళి ధరలు, అన్నీ పైకి చెప్పుకోవడానికే. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

నవంబర్ తొమ్మిది, ఆదివారం. తేజశ్రీ గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోలేదు.

"పాపా, ఆజ్ హో జాయేగా? రేపటి నుంచి ప్రాక్టీస్."

"పదహారుకి కదమ్మా? బోలెడు టైముంది. ఆ మూడో కొటేషన్ ఒక్కటి రానీ. ఇలా వచ్చి కూర్చో, ఆ వేడి సంగతి నాకు ఇంకోసారి చెప్పు."

"అచ్ఛా," అంది. వచ్చి కూర్చుంది. వేడి సంగతి మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చెప్పింది.

సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. పరీక్షలేమో అనుకున్నాను. పిలిస్తే, "పఢ్ రహీ హూఁ పాపా," అని లోపలి నుంచే బదులిచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కోపం కూడా వచ్చింది. ఇంత శ్రమ ఎవరి కోసం పడుతున్నానని!

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టాను. దసరా నాడు అది కాగితం మీద రాసిచ్చిన కార్డునే, మొదటి రోజు అడిగిన మొదటి దుకాణంలోనే కొన్నాను. ఆటోలో పెట్టె ఒళ్లో పెట్టుకుని, పొగమంచుకు ముక్కు మండుతున్నా ఈలవేసుకుంటూ వచ్చాను. ఇంట్లో అడుగు పెడుతూనే అరిచాను.

"తేజూ! చూశావా, గడువుకి రెండు రోజుల ముందే తెచ్చా!"

అనసూయ నా వైపు చూసి తల తిప్పుకుంది. తేజశ్రీ వచ్చి పెట్టె అందుకుంది. దాని మీద రాసినదంతా నెమ్మదిగా చదివింది.

"యహీ వాలా. థాంక్యూ పాపా."

"మరి బిగించెయ్. ఎల్లుండే కదా మ్యాచ్."

"టీమ్ లిస్ట్ సోమవారమే ఇచ్చేశారు పాపా. ఆదివారం దాకా వీణ దీదీ నా కోసం ఆగింది. నేనే చెప్పేశా, వేరే అమ్మాయిని తీసుకోమని."

దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "వాళ్లతో నేను మాట్లాడతాను, నంబరివ్వు," అన్నాను. ఆఫీసులో గడువు పొడిగించమని ఉత్తరం రాసే అలవాటు. అది తల అడ్డంగా ఊపింది. పెట్టె విప్పి, పాత కార్డు తీసి, కొత్తది బిగించింది. నన్ను పిలిచి చూపించింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. "బఢియా హై," అంది. ఐదు నిమిషాలు ఆడి కట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఆ మ్యాచ్ చూసింది. వాళ్ల జట్టు గెలిచింది. అభినందనలు పంపించి, ఫోన్ బోర్లా పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. నేను గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. నా కూతురు రెండేళ్లు కష్టపడి సంపాదించుకున్న చోటుని, సాయంత్రం టీ పక్కన కబుర్ల కోసం నేను పోగొట్టాను. ఆడిట్‌వాళ్లు ఇలాంటివి పట్టుకోరు.

ఆ తరవాత అది నన్ను ఏదీ అడగలేదు. కాలేజీ టూర్ కాగితం మీద వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకుంది. అలిగిందా అంటే అదీ కాదు. ఎదురుపడితే నవ్వుతుంది, పలకరిస్తే పలుకుతుంది. గది తలుపు మాత్రం వేసే ఉంటుంది.

డిసెంబర్‌లో ఒక ఆదివారం. బాల్కనీలోకి ఎండ వస్తే, వేరుశనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నాను. ఆరిన బట్టలు తీయడానికి తేజశ్రీ వచ్చింది. ఇక ఉండబట్టలేకపోయాను.

"తేజూ, ఏ కార్డు కొనాలో నాకు దీపావళికి ముందే తెలుసమ్మా."

అది తీగ మీంచి చున్నీ తీస్తూ, "పతా హై, తెలుసు," అంది. "అడిగిందే నాలుగుసార్లు అడిగేవాడివి. నేను సరిగ్గా చెప్పట్లేదేమో, సీరియస్‌గా ఉన్నానో లేదో నువ్వు టెస్ట్ చేస్తున్నావేమో అనుకున్నా. అందుకే రోజూ చదువుకుని వచ్చేదాన్ని."

"టెస్ట్ కాదమ్మా." చేతిలోని కాయలు పక్కన పెట్టాను. "నువ్వొచ్చి కూర్చుంటున్నావని. కార్డు కొనేస్తే మళ్లీ రావేమోనని."

అది బట్టల కుప్ప గుండెకు ఆనించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, రాలనివ్వలేదు.

"వచ్చి కూర్చోమంటే చాలు కదా పాపా. కార్డు లేకపోయినా వచ్చేదాన్ని."

బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇప్పుడు పిలిస్తే వస్తావా అని అడగడానికి నాకు నోరు రాలేదు.